చిన్న పడవ, పెద్ద సముద్రము

ధ్యాన భాగములు: యెహోషువ 14:6–15, లూకా 14:28–30, అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



గత మాసములో ఒక ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట మన సంఘపెద్దలలో ఒకాయన మా యొద్దకు వచ్చి కూర్చుండెను. ఆయన తన పొలమును కుమారులకు పంచియిచ్చి యేడాది కావచ్చినది. "అయ్యగారూ, తెల్లవారి లేస్తే నాకు పని లేదండి. కొడుకులు పొలం పోతారు. కోడళ్లు వంటపనిలో ఉంటారు. నేను అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తున్నాను. ఇంక నేను దేనికండీ?" అని అడిగెను.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఏలయనగా ఆ ప్రశ్న మాది కూడ. వచ్చే యేడు మేమును సంఘసేవనుండి విరమించి, ఇన్నేండ్లు కాపురమున్న పాస్టరు ఇంటిని ఖాళీ చేయవలసియున్నది. ఆయన వెళ్లిన తరువాత మేము, మా ఇంటివారు చాలసేపు మాటలాడుకొంటిమి. అప్పుడు ఏనాడో చదివిన ఒక మనుష్యుని సంగతి జ్ఞాపకమునకు వచ్చెను. అది ఒక పడవను గూర్చిన సంగతి. దానిని ఈ మాసము మీతో పంచుకొన గోరుచున్నాము.

ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములలో కొందరు భార్యాభర్తలు ఉద్యోగము విరమించిన పిమ్మట, ఇల్లు అమ్మియో అద్దెకిచ్చియో, చిన్న తెరచాప పడవను కొనుక్కొందురు. అందులో పండుకొనుటకు రెండు పడకలు, వంటకు ఒక పొయ్యి, మంచినీళ్ల తొట్టి, చిన్న యింజను ఉండును. దానిలో రేవునుండి రేవునకు పోవుచు శేషించిన యేండ్లు గడుపుదురు. ధైర్యము గలవారు మహాసముద్రములను కూడ దాటుదురు. మనవంటి పల్లెవారు ఈ మాట వినగానే, "అరువదేండ్ల ముసలివానికి పడవ యేల? ఇంటిపట్టున ఉండరాదా?" అందురు. అయినను పడవ కొనువాడు నేర్చుకొనవలసిన సంగతులు, వృద్ధాప్యమునకు సిద్ధపడుచున్న మనము నేర్చుకొనవలసిన సంగతులే యని మాకు తోచుచున్నది.

పండ్లు కూరగాయలు అమ్మిన మనుష్యుడు

ఇంగ్లండు దేశపు దక్షిణ తీరమున పోర్ట్స్‌మౌత్ అను రేవుపట్టణము కలదు. ఆ పట్టణములోని సౌత్‌సీ పేటలో ఆలెక్ రోజ్ అనునతడు భార్యతో కలిసి పండ్లు, కూరగాయల దుకాణము నడుపుచుండెను. అతడు 1908లో పుట్టెను. రెండవ ప్రపంచ యుద్ధములో నౌకాదళములో పనిచేసెను. యుద్ధము తరువాత ఒక పాత లైఫుబోటును తన చేతులతోనే తెరచాప పడవగా మార్చుకొనెను. కొంతకాలమునకు 36 అడుగుల పొడవుగల మరియొక పడవను, ఇతరులు వాడినదానినే, కొనెను. దాని పేరు లైవ్లీ లేడీ. ప్రియులారా, ఆ పడవ మన దేశములోనే, కలకత్తాలో, 1948లో గట్టి కలపతో కట్టబడినది.

1964లో అతడు ఆ పడవమీద ఒంటరిగా అట్లాంటిక్ సముద్రమును దాటు పందెములో నాలుగవవాడుగా చేరెను. 1966లో భూమిని చుట్టివచ్చుటకు బయలుదేరగా, మొదట మరియొక ఓడ తగిలి పడవ దెబ్బతినెను. పిమ్మట మరమ్మతుకు నిలిపియుండగా, నీరు తీసిన వేళ పడవ ఒరిగిపడి మరింత పాడయ్యెను. ఆ యేటి ప్రయాణము ఆగిపోయెను. అతడు తిరిగి వచ్చి పడవను బాగుచేయించుకొని, మరుసటి యేడు, అనగా 1967 జూలై 16న, మరల బయలుదేరెను. అప్పుడు అతని వయస్సు 59. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆగి తన కుమారుని చూచెను. తెరచాప కొయ్యకు కలిగిన లోపమువలన న్యూజీలాండులోని బ్లఫ్ రేవున ఆగవలసివచ్చెను. 1968 ఏప్రిల్ 1న దక్షిణ అమెరికా కొనయందున్న, నావికులు మిక్కిలి భయపడు కేప్ హార్న్ దాటెను. 354 దినములైన పిమ్మట, జూలై 4న, అరువదియవ పుట్టినదినమునకు కొద్ది దినముల ముందు, సౌత్‌సీ తీరమునకు చేరగా లక్షలకొలది జనులు ఎదురుకొనిరి. ఆ దేశపు రాణి అతనికి 'సర్' బిరుదునిచ్చెను.

అతడు ధనవంతుడు కాడు, పేరుపొందిన వీరుడు కాడు. ఉదయమున తక్కెడ పట్టుకొని ఉల్లిగడ్డలు తూచిన చేతులే ఆ చుక్కానిని పట్టుకొనెను.

మన వేదములో కాలేబును జ్ఞాపకము చేసికొనుడి. వేగు చూచుటకు వెళ్లిననాడు అతనికి నలువదేండ్లు. నలువదియైదు సంవత్సరములు గడచి, ఎనుబదియైదేండ్ల వయస్సున అతడు యెహోషువ యెదుటికి వచ్చి, నీడలో కూర్చుండుటకు చోటు అడుగలేదు. ఉన్నతదేహులు కాపురమున్న కొండసీమను అడిగెను. దేవుడు ముసలితనములోను మనుష్యుని పిలుచునని అతడు ఎరిగినవాడు. అయితే ఆ పిలుపునకు లోబడువాడు తెలివిగలవాడై యుండవలెను. అందునుగూర్చి నాలుగు మాటలు చెప్పుదుము.

మొదటిది: కూర్చుండి లెక్క చూచుకొనుడి

పడవ కొనువాడు మొదట దాని వెలను మాత్రమే చూచి మోసపోవును. వెల ఇచ్చుట ఆరంభము మాత్రమే. రేవులో కట్టుకొనుటకు రుసుము, భీమా, ప్రతి యేడు అడుగున పూయు రంగు, చివికిన త్రాళ్లు, చిరిగిన తెరచాపలు, యింజను మరమ్మతు, ఇవన్నియు కలవు. పడవ వెలలో పదియవ వంతు యేటేట ఖర్చగునని పడవలు గలవారు వాడుకగా చెప్పుకొందురు. ఇది తెలియక, దాచుకొన్న సొమ్మంతయు పోసి పడవ కొని, దానిని నడుపుటకు డబ్బులేక రేవులోనే కుళ్లనిచ్చినవారు కలరు.

గోపురము కట్టగోరినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనడా యని ప్రభువు అడిగిన సంగతి మీకు తెలిసినదే. ప్రభువు గోపురము కట్టవద్దనలేదు. కూర్చుండి లెక్క చూడుమనెను. ఈ రెండు మాటలను మనము విడదీయరాదు. లెక్కకు భయపడి ఏమియు మొదలుపెట్టనివాడు ఒకడు. లెక్క చూడక మొదలుపెట్టి నవ్వులపాలైనవాడు మరియొకడు.

విశ్రాంతి కాలమునకు మన లెక్క ఏమి? బిడ్డలకు ఉన్నదంతయు వ్రాసియిచ్చి, పిమ్మట మందుబిళ్లలకు చేయిచాపి కంటనీరు పెట్టుకొను తలిదండ్రులను మేము ఈ సేవలో అనేకులను చూచితిమి. అప్పు చేసి ఆడంబరముగా పెండ్లి జరిపించి, పింఛను సొమ్మంతయు వడ్డీకి కట్టువారిని చూచితిమి. ప్రియులారా, మీ భార్యతో కూర్చుండి, కాగితముమీద వ్రాసి లెక్క చూచుకొనుడి. అట్లు లెక్క చూచుకొనుట అవిశ్వాసము కాదు.

రెండవది: నీటి క్రింద ఉన్న దానిని పరీక్షించుడి

అమ్మువాడు పడవకు క్రొత్త రంగు వేసి, ఇత్తడి మెరయునట్లు తోమి చూపును. అనుభవశాలి ఆ మెరుగును నమ్మడు. పడవను నీటిలోనుండి పైకి తీయించి, ఎరిగిన పరీక్షకుని పిలుచును. అతడు చిన్న సుత్తితో పలక పలకను తట్టి వినును. గట్టి కలప ఖంగుమనును. పుచ్చినది మందముగా పలుకును. అనుమానమున్న చోట కత్తిమొన గ్రుచ్చి చూచును. అడుగు బరువును పట్టియున్న బోల్టులు తుప్పు తినెనా యని చూచును. నేడు పడవలనేకము ఫైబరు గ్లాసుతో చేయబడుచున్నవి. వాటికిని లోపల తేమ పట్టెనా, అడుగున బొబ్బలు లేచెనా యని పరీక్షించుదురు.

అమెరికాలో జాషువా స్లోకం అను ఓడ కెప్టెను ఉండెను. అతని పనికి గిరాకి తగ్గిన కాలములో, పొలములో గుడ్డ కప్పి ఊరక నిలిపియున్న ఒక ముసలి పడవను ఒకరు అతనికి ఇచ్చిరి. దాని పేరు స్ప్రే. అతడు పైన రంగు పూసి సరిపెట్టుకొనలేదు. చెట్టు నరికి, పలకలు చెక్కి, పుచ్చినదంతయు తీసి, పదమూడు మాసములు పనిచేసి దానిని దాదాపు క్రొత్తదిగా కట్టెను. సామగ్రికి అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లని సెంటుతో సహా వ్రాసియుంచెను. 1895లో, తన యేబదియొకటవ యేట, దానిపై బయలుదేరి 1898లో తిరిగివచ్చెను. ఒంటరిగా తెరచాప పడవలో భూమిని చుట్టివచ్చిన మొదటివాడు అతడే.

ఇంకొక సంగతి గమనించుడి. సముద్రముమీద పోవు తెరచాప పడవకు అడుగున సీసము గాని ఇనుము గాని బరువుగా బిగించియుందురు. పడవ మొత్తము బరువులో అది తరచుగా మూడవ వంతు ఉండును, అంతకు మించియు ఉండును. గాలి కొట్టి పడవ ఎంత ఒరుగునో, ఆ బరువు అంత బలముగా దానిని తిరిగి నిలబెట్టును. ఒడ్డున నిలిచి చూచువారికి తెల్లని తెరచాప కనబడును గాని, తుపానులో పడవను నిలబెట్టు ఆ బరువు కనబడదు.

మన జీవితములోను అట్లే. సంఘములో పేరు, పెద్దరికము, మంచి కంఠము, ఇవి తెరచాపలు. తలుపు వేసికొని చేసిన ప్రార్థన, ఎవరికిని తెలియక తీర్చిన బాకీ, క్షమించి మరచిన అపకారము, ఇవి నీటిక్రింది బరువు. పనిలో ఉన్నంతకాలము పనియే మనలను నిలబెట్టును. పని ఆగిన దినమున గాలి ప్రక్కనుండి కొట్టును. అడుగున బరువు లేనివాడు ఆ దినమున బోర్లపడును. అరువదియవ యేట కాదు, నేడే సుత్తితో తట్టి చూచుకొనవలెను.

మూడవది: మీ చేతులు ఏలగల పడవను ఎన్నుకొనుడి

వృద్ధ దంపతులు పడవ కొనుటలో చేయు పెద్ద తప్పు, సౌఖ్యము కొరకు మిక్కిలి పెద్దదానిని కొనుట. పడవ పెద్దదైనకొలది తెరచాప బరువగును, లంగరు బరువగును, గొలుసు బరువగును. వారి చేతులు దానిని లాగలేవు. అప్పుడు ఆ పడవ రేవు విడువదు. తాము నివసింపగల పడవలలో చిన్నదే మేలని అనుభవము గలవారనేకులు చెప్పుదురు. మరియు తెరచాప తగ్గింపవలెనన్న తలంపు కలిగిన నిమిషముననే తగ్గింపవలెనని వారి సామెతవంటి మాట. గాలి ముదిరిన పిమ్మట తగ్గింప జూచువానికి అది చేతికి రాదు.

పౌలు ఎక్కిన ఓడ సంగతి చదువుడి. మంచిరేవులు అను చోట ఆగుట మేలని అతడు హెచ్చరించెను. శతాధిపతి నావికుని, ఓడ యజమానుని మాట నమ్మెను. దక్షిణపు గాలి మెల్లగా విసరగానే తమ ఆలోచన నెరవేరెనని తలంచిరి. తరువాత పెనుగాలి కొట్టగా సరకులు పారవేసిరి, ఓడ సామగ్రిని తమ చేతులార పారవేసిరి. ముందే దించవలసిన బరువును వారు తుపానులో దించిరి.

ఇక్కడ మా తప్పు ఒప్పుకొనవలసియున్నది. ఖాళీ చేయుటకు మేము మా సామాను లెక్కపెట్టితిమి. రెండు బీరువాలు, అయిదు ట్రంకుపెట్టెలు, ఎన్నడును తెరువని గోనెమూటలు. వాటిని విడుచుట అంత కష్టము కాదని తెలిసికొంటిమి. విడువలేనిది మరియొకటి లోపల దొరికెను. విరమించిన తరువాతను కమిటీలో మాకొక కుర్చీ ఉండునా? క్రొత్తగా వచ్చు పాస్టరుగారు ప్రతి సంగతికి మమ్మును అడుగుదురా? మా పేరు చెప్పకుండ పండుగ జరుగునా? ఇట్టి తలంపులు మాలో ఉండెను. వాటిని మోసికొని పోయినయెడల మా పడవ రేవు విడువదు. క్రొత్త సేవకుని పడవకు కూడ మేమే అడ్డుపడుదుము. గనుక, గాలి ముదురక ముందే ఈ తెరచాపను దించుకొనుటకు మీరందరు మా కొరకు ప్రార్థింపవలెనని వేడుకొనుచున్నాము.

నాలుగవది: ఎందుకు బయలుదేరుచున్నారో ఎరుగుడి

యోనా కూడ ఓడ యెక్కినవాడే. యొప్పేలో ఓడ సిద్ధముగా దొరికెను. అతడు కేవు కూడ చెల్లించెను. అన్నియు అనుకూలముగానే ఉండెను గాని, అతడు దేవుని యెదుటనుండి పారిపోవుచుండెను. విశ్రాంతి కాలపు సాహసము కూడ పారిపోవుట కావచ్చును. భార్య అలసటను, బిడ్డల అక్కరను, ఇరుగుపొరుగువారి దుఃఖమును విడిచి తనకొరకు మాత్రమే సముద్రము వెదకువాడు యోనా ఓడలోనే ఉన్నాడు. క్రొత్త కొట్లు కట్టించి, తినుము త్రాగుము అని తన ప్రాణముతో చెప్పుకొన్న ధనవంతుడు సముద్రము ఎక్కలేదు గాని అతనిదియు ఆ త్రోవయే.

ఆలెక్ రోజ్ ఒంటరిగా వెళ్లెను గాని మధ్యలో కుమారుని చూచుటకు ఆగెను, భార్య ఎదురుచూచు తీరమునకు తిరిగివచ్చెను. అతడు 1991లో మరణించెను. పడవ మాత్రము మిగిలెను. 2006 మొదలు 2008 వరకు ఆ లైవ్లీ లేడీ మరల భూమిని చుట్టివచ్చెను. ఈసారి అందులో పనిచేసినవారు కష్టస్థితులలో పెరిగిన యువతీయువకులు. వారు వంతులవారీగా వచ్చి, తెరచాప కట్టుట, చుక్కాని పట్టుట, రాత్రి కావలి కాయుట నేర్చుకొనిరి. అరువదికి చేరువైన కూరగాయల వర్తకుని సాహసము, అతనిని ఎన్నడును చూడని పిల్లలకు బడియాయెను.

కాలేబు సంగతి కూడ అట్లే ముగిసెను. అతడు ముసలితనమున కొండసీమను పొందెను. తరువాతి అధ్యాయములో అతని కుమార్తె అక్సా వచ్చి నీటి మడుగులను అడుగగా అతడు మెరక మడుగులను పల్లపు మడుగులను ఆమెకిచ్చెను. తండ్రి అరుగుమీదనే కూర్చుండియుంటే కుమార్తెకు ఆ నీరు దొరికెడిదా? పెద్దవారి సాహసము పిన్నవారికి నీరు కావలెను. అదియే దానికి కొలత.

మన పడవ ఏది?

మనలో సముద్రపు పడవ కొనువారు లేరు. కొందరికి మోకాళ్లు లేవవు. కొందరు మనుమలను పెంచుచున్నారు, కొందరు మంచమున పడిన వారికి సేవ చేయుచున్నారు. ఆ ఇంటిలో వారు చేయుచున్నదే పెద్ద ప్రయాణము. వారిని తక్కువగా ఎంచవద్దు. అయినను, శక్తి యుండి, వేళ యుండి, ఇంక నేను దేనికి అని కూర్చున్నవారితో మేము మాటలాడుచున్నాము.

మరుసటి ఆదివారము మేము ఆ పెద్దాయనకు ఈ సంగతి అంతయు చెప్పితిమి. ఆయన నవ్వి, "బాగానే ఉందండి అయ్యగారూ. నాకు పడవ ఎక్కడిది?" అనెను.

"మీ చేతికి అందేది వెదకండి. పెద్దది వద్దు," అని చెప్పితిమి.

కాలువ అవతల ఒక గూడెములో ముగ్గురు ముసలివారున్నారు. ఒకామెకు చూపు లేదు. మిగిలిన ఇద్దరు మందిరమునకు నడచిరాలేరు. వారి యొద్దకు మేము నెలకొకమారు కూడ పోలేకపోవుచుంటిమి. పోయిన శనివారము సాయంకాలము ఆ పెద్దాయన సంచిలో బైబిలు, చేతిలో టార్చిలైటు పట్టుకొని కాలువ గట్టున నడిచిపోవుట చూచితిమి. తిరిగివచ్చునప్పటికి చీకటి పడెను. "కీర్తన చదివానండి. ఆ అమ్మ మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను," అని మాత్రము చెప్పెను. ఆయన ముఖమున మేము ఏడాదిగా చూడని వెలుగు కనబడెను.

వచ్చే యేడు ఇల్లు ఖాళీ చేసిన పిమ్మట, ఆయన వెంట మేమును పోవలెనని తలంచుచున్నాము. ఆయన ముందు నడుచును, మేము వెనుక నడుతుము. కుర్చీ ఉండదు, దండ ఉండదు. మా చేతులకు ఆ పడవ చాలును.

ప్రియ పాఠకులారా, ఈ మాసములో ఒక సాయంకాలము మీ ఇంటివారితో కూర్చుండి ఈ నాలుగు ప్రశ్నలు అడుగుకొనుడి. లెక్క చూచుకొంటిమా? నీటి క్రింద ఏమున్నది? మన చేతులకు మించినది ఏది మోయుచున్నాము? ఎవరి మేలుకొరకు బయలుదేరుచున్నాము? జవాబు దొరకిన మేరకు రేవు విడువుడి. హెబ్రీయులకు వ్రాయబడిన పత్రికలో చెప్పినట్లు, మన లంగరు తెరలోపల స్థిరముగా వేయబడియున్నది. గనుక లోతునకు పోవుటకు వెరువనక్కర లేదు.

గలిలయ సముద్రమున చిన్న దోనెలో శిష్యులతోకూడ ఉన్న ప్రభువు, మన సాయంకాలపు ప్రయాణములోను మనతోకూడ ఉండి, ఆవలి యొడ్డునకు చేర్చును గాక. ఆమేన్.